సేంద్రియ ద్రాక్షతోట – పంచాయతీలు నేర్వదగిన పాఠము

హైదరాబాదు పాతబస్తీలో చార్మినారు నుండి దక్షిణముగా పోవు బాట శాలిబండ మీదుగా సాగి, అలియాబాదు, ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్టలను దాటి పల్లెసీమలలోనికి ప్రవేశించును. మాఘ ఫాల్గుణ మాసములలో ఈ బాట పొడవునను తోపుడుబండ్ల మీద ద్రాక్షగుత్తులు రాసులుగా కానవచ్చును. ఒకప్పుడు ఈ పండు నగరము చుట్టునున్న గ్రామముల నుండియే విశేషముగా వచ్చెడిది. నేడు అందులో అధికభాగము మహారాష్ట్రమునందలి నాసిక్, సాంగ్లి, షోలాపూరు ప్రాంతముల తోటలది. మన నేలపై పేరు గడించిన పంట మన కన్నుల యెదుటనే పొరుగు రాష్ట్రమునకు తరలిపోయినది.

ఇటీవల కొందఱు యువరైతులు ద్రాక్షపై మరల దృష్టి సారించుచున్నారు. రసాయనములు లేకుండ పండించిన నల్లద్రాక్షతో తీసిన ఎఱ్ఱ వైనుకు విదేశములలో మంచి వెల కలదని వారు వినియున్నారు. అట్టి తోట మన ప్రాంతమున సాధ్యమా? సాధ్యమైనచో దానికి ఏమేమి కావలెను? గ్రామ పంచాయతీకి ఈ విషయముతో సంబంధమేమి? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మేము మొదటనే ఒక మాట మనవి చేయుచున్నాము. సేంద్రియమను గుణము సీసాలో పుట్టునది కాదు, అది నేలలో పుట్టునది. ఒక్క రైతు తన గట్టులోపల ఎంత శ్రమించినను, చుట్టునున్న పొలములు సహకరింపనిచో ఆ గుణము నిలువదు. కావున ఇది ఒక రైతు వ్యవహారము కాదు, గ్రామ వ్యవహారము.

మన ద్రాక్ష చరిత్ర

దక్కనునకు ద్రాక్ష క్రొత్తది కాదు. 14వ శతాబ్దిలో ఢిల్లీ సుల్తానులు దౌలతాబాదును రాజధానిగా చేసికొన్న కాలమునకే అచట ద్రాక్ష సాగులో నుండెను. 1666–67 సంవత్సరములలో భారతదేశమున సంచరించిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో గోలకొండ రాజ్యమును చూచి, భాగనగర ప్రాంతమున ద్రాక్షతీగలు విస్తారముగా కలవనియు, పండ్లు జనవరి మొదలుకొని పక్వమునకు వచ్చుననియు, వానితో తెల్లని ద్రాక్షమద్యమును తీయుదురనియు వ్రాసియున్నాడు. అనగా 350 సంవత్సరములకు పూర్వమే ఈ నేల ద్రాక్షను ఎఱుగును.

నేటి తరము పెద్దలు ఎఱిగిన హైదరాబాదు ద్రాక్ష వేఱొకటి. 1890 ప్రాంతమున అబ్దుల్ బాకర్ ఖాను అను నతడు ఈ నగరమున ప్రవేశపెట్టిన రకమునకు ‘అనాబ్-ఎ-షాహి’ యని పేరు వచ్చినది. అనగా రాజద్రాక్ష. దీని గుత్తులు పెద్దవి. పండు కోలగా, గింజతో కూడి, పక్వమైనప్పుడు లేత బంగారు వన్నె కలిగి యుండును. హెక్టారుకు సగటున 35 టన్నుల దిగుబడి నిచ్చు ఈ రకము హైదరాబాదు పరిసర గ్రామములకు సిరులు తెచ్చినది. రాజేంద్రనగరులో ద్రాక్ష పరిశోధనా కేంద్రము వెలసి రైతులకు తోడ్పడినది.

ఆ తోటలు ఎందుకు తగ్గినవి? కారణము ఒక్కటి కాదు. అనాబ్-ఎ-షాహికి బూజు తెగులు త్వరగా సోకును. అక్టోబరు మాసపు అకాల వర్షములకు లేత చిగుళ్ళు, పూతగుత్తులు మాడిపోవును. తెగులును అణచుటకు మందు ఖర్చు ఏటేటా పెరిగినది. కొనువారు గింజలేని రకములను కోరసాగిరి. బోరుబావులు ఎండినవి. నగరము పెరిగినకొలది ఎకరము ద్రాక్షపై వచ్చు ఆదాయము కంటె ఎకరము భూమిపై వచ్చు వెల అనేక రెట్లు హెచ్చినది. పందిళ్ళు కూలినవి, హద్దురాళ్ళు పాతబడినవి. ఈ కారణములలో వర్షమొక్కటి తప్ప తక్కినవన్నియు మానవ నిర్ణయములకు లోబడినవే యని పంచాయతీ సభ్యులు గమనింపవలెను.

ఎఱ్ఱ వైను ఎట్లు తయారగును?

మన గ్రామములలో ‘వైన్స్’ అను పలక గల దుకాణములలో అమ్ముడుపోవు సరకులో బ్రాందీ, విస్కీ, బీరులే విశేషము, నిజమైన వైను బహు స్వల్పము. కావున పదమును స్పష్టపఱచుకొనుట అవసరము. వైననగా ద్రాక్షరసమును పులియబెట్టగా వచ్చిన పానీయము. దానిని బట్టీపట్టరు.

ద్రాక్షతొక్కపై కంటికి కానరాని మధుశిలీంధ్రము లుండును. వీనినే ఈస్టు అందురు. పండును చితుకగొట్టినప్పుడు ఇవి రసములోని చక్కెరను తిని, దానిని ఆల్కహాలుగను, బొగ్గుపులుసు వాయువుగను మార్చును. లీటరు రసములో సుమారు 17 గ్రాముల చక్కెర పులిసినచో నూటికి ఒక పాలు ఆల్కహాలు ఏర్పడునని లెక్క. అనగా లీటరుకు 220 గ్రాముల చక్కెర గల రసము నుండి సుమారు 13 పాళ్ళ ఆల్కహాలు గల వైను వచ్చును. ఒక ముప్పాతిక లీటరు సీసాకు కిలోకు పైగా పండు పట్టును.

ఎఱుపు ఎచటి నుండి వచ్చును? నల్లద్రాక్షలో సైతము సాధారణముగా లోని గుజ్జు తెల్లగనే యుండును. రంగు తొక్కలో నున్నది. అందువలన ఎఱ్ఱ వైను తీయునపుడు తొక్కలను, గింజలను రసముతోపాటే కొన్ని దినములు పులియనిత్తురు. వాయువు వలన తొక్కలు పైకి తేలి మీగడవలె గట్టిపడును. వానిని దినమునకు పలుమార్లు లోనికి అదుముచుండవలెను. పిదప రసమును పిండి, తొట్లలో నిలువచేసి, పులుపు మెత్తబడిన మీదట సీసాలలో నింపుదురు.

ఇందు మన రైతు తెలిసికొనవలసిన సంగతి యొకటి కలదు. పండు తొక్కతో సహా రసములో నానును గదా! తొక్కపై మిగిలిన మందు ఏదైనను ఆ రసములో కలియుటకు అవకాశము కలదు. తినుటకు కొన్న పండును గృహిణి నీటితో కడుగగలదు. వైనుకు పోవు పండును సాధారణముగా కడుగరు. కావున ఎఱ్ఱ వైను నాణ్యము తోటలో జల్లిన మందుపై నేరుగా ఆధారపడియున్నది.

మఱియొక సంగతి. మన అనాబ్-ఎ-షాహి ఎఱ్ఱ వైనుకు పనికిరాదు. దాని తొక్కలో ఎఱుపు లేదు. దాని రసములో కరగియున్న పదార్థము నూటికి 14 నుండి 16 పాళ్ళే గనుక, పై లెక్క ప్రకారము ఆల్కహాలు 8, 9 పాళ్ళకు మించదు. తినుటకు శ్రేష్ఠమైన పండు వైనుకును శ్రేష్ఠమను భావన సరికాదు. వైను తోటలలో దిగుబడిని బుద్ధిపూర్వకముగా తగ్గించి, మిగిల్చిన గుత్తులలో చక్కెరయు, రంగును, వాసనయు చిక్కబడునట్లు చూతురు.

తెలుగు కుటుంబములు అనేకము నివసించుచున్న కర్ణాటకములోని కోలారు, చిక్కబళ్ళాపురము ప్రాంతములలో ‘బెంగుళూరు బ్లూ’ అను ముదురు ఊదా రంగు ద్రాక్షను తరతరములుగా పండించుచున్నారు. దాని రసము రంగు గలది, చక్కెర 16 నుండి 18 పాళ్ళు. పండ్లరసమునకును, తియ్యని వైనుకును దీనిని వాడుదురు. దీనికి పక్షికన్ను తెగులును తట్టుకొను శక్తి కలదు గాని, బూజు తెగులు సోకును. నంది కొండల పాదమున 1980ల నుండి కాబెర్నే సోవిన్యోఁ, షిరాజ్ మొదలగు ఫ్రెంచి రకములను నాటి ఎఱ్ఱ వైను తీయుచున్నారు. మహారాష్ట్ర ప్రభుత్వము 2001లోను, కర్ణాటక ప్రభుత్వము 2007లోను ద్రాక్ష, వైను పరిశ్రమకై ప్రత్యేక విధానములను ప్రకటించినవి. దక్కను పీఠభూమిపై ఈ పంట సాధ్యమేనని ఇట్లు ఋజువైనది.

సేంద్రియమనగా నేమి?

ఎరువుల బస్తా కొననంత మాత్రమున తోట సేంద్రియము కాదు. దానికి నియమములు కలవు. భారత ప్రభుత్వపు జాతీయ సేంద్రియోత్పత్తి కార్యక్రమము ప్రకారము ద్రాక్షవంటి బహువార్షిక పంటలలో, సేంద్రియమని పేర్కొనదగిన మొదటి కోతకు ముందు 36 నెలలు ఆ భూమి పరివర్తన దశలో ఉండవలెను. ఈ మూడేండ్లు రైతు నియమములను పూర్తిగా పాటించినను, పంటను సేంద్రియమను పేర అమ్మజాలడు. దిగుబడి తగ్గుటకు అవకాశమున్నది, వెల మాత్రము పెరుగదు. అనేకులు మధ్యలో విడిచిపెట్టునది ఈ మూడేండ్లలోనే. గ్రామపు అండ రైతుకు అత్యవసరమగునదియు ఈ కాలముననే.

నియమములు తోటతో ముగియవు. వైను చెడకుండుటకు దానిలో గంధకపు లవణములను స్వల్పముగా కలుపుదురు. ఐరోపా సమాఖ్యలో సామాన్యమైన ఎఱ్ఱ వైనుకు లీటరుకు 150 మిల్లీగ్రాములు పరిమితి కాగా, 2012లో చేసిన నియమముల ప్రకారము సేంద్రియ ఎఱ్ఱ వైనుకు 100 మిల్లీగ్రాములు మాత్రమే. అమెరికాలో ఈ లవణములను కలిపిన దానిని సేంద్రియ వైను అనుటకు వీలులేదు, సేంద్రియ ద్రాక్షతో చేసిన వైను అని మాత్రమే వ్రాయవలెను. ఒకే పదమునకు రెండు దేశములలో రెండు అర్థములు కలవు. విదేశీ బేరగాని మాటపై ఒప్పందము వ్రాయుటకు ముందు, అతడు ఏ దేశపు నియమములను కోరుచున్నాడో రైతు నిర్ధారణ చేసికొనవలెను.

తోటలో ఒక సంవత్సరము

చల్లని దేశములలో ద్రాక్షతీగ శీతకాలమున ఆకురాల్చి నిద్రించును. మన ఉష్ణదేశమున దానికి ఆ నిద్ర లేదు. కావున రైతు సంవత్సరమునకు రెండుమార్లు కత్తిరించును. వేసవిలో, ఏప్రిల్ ప్రాంతమున చేయునది కొమ్మను పెంచుటకు. అక్టోబరు ప్రాంతమున చేయునది కాయను పట్టించుటకు. వేసవి కత్తిరింపు తరువాత వచ్చు కొమ్మల మొగ్గలలోనే రాబోవు పంట రూపు దిద్దుకొనును. అక్టోబరు కత్తిరింపు జరిగిన సుమారు నాలుగు నెలలకు పండు కోతకు వచ్చును.

సేంద్రియ రైతునకు ముఖ్యమైన శత్రువులు మూడు. మొదటిది బూజు తెగులు, తడి వలన వచ్చునది. రెండవది బూడిద తెగులు, పొడి వాతావరణమున మబ్బుపట్టిన దినములలో వ్యాపించునది. మూడవది పిండినల్లి.

బూజు తెగులుకు లోకమంతట వాడుకలో నున్న మందు బోర్డో మిశ్రమము. దాని పుట్టుక చిత్రమైనది. ఫ్రాన్సు దేశమున బోర్డో సీమలో బాటసారులు ద్రాక్షగుత్తులను త్రెంపుకొని పోకుండుటకై, రైతులు బాట ప్రక్కనున్న తీగలపై మైలుతుత్తమును సున్నమును కలిపి చల్లెడివారు. 1882లో ఆ సీమ యంతట బూజు తెగులు వ్యాపింపగా, బాట ప్రక్క తీగలు మాత్రము పచ్చగా నిలిచినవి. మిల్లార్డే అను వృక్షశాస్త్రజ్ఞుడు దీనిని గమనించి, పరిశోధించి, 1885లో ఆ మిశ్రమమును లోకమునకు వెల్లడించెను. దొంగల భయము వలన పుట్టిన ఉపాయము తోటలను కాపాడినది.

ఒక శాతపు మిశ్రమమును చేయు విధమిది. ఒక కిలో మైలుతుత్తమును 50 లీటర్ల నీటిలోను, ఒక కిలో మంచి సున్నమును వేఱొక 50 లీటర్ల నీటిలోను కరగింపవలెను. ఇనుప పాత్ర వాడరాదు. ప్లాస్టిక్ లేక మట్టి పాత్రలు మేలు. రెండింటిని ఒకేసారి మూడవ పాత్రలోనికి పోయుచు కఱ్ఱతో కలుపవలెను. తరువాత శుభ్రమైన ఇనుప కత్తిని అందు ముంచి తీయవలెను. కత్తిపై ఎఱ్ఱని రాగిపూత కనబడినచో సున్నము చాలలేదని గుర్తు. మఱికొంత సున్నపునీరు కలుపవలెను. చేసిననాడే వాడవలెను.

ఈ మిశ్రమము సేంద్రియ సాగులో అనుమతింపబడినదే. కాని దానికిని హద్దు కలదు. రాగి నేలలో పేరుకొనును, వానపాములకు హాని చేయును. ఐరోపా సమాఖ్య నియమము ప్రకారము హెక్టారుకు 7 సంవత్సరములలో 28 కిలోల రాగికి మించరాదు, అనగా సగటున ఏడాదికి 4 కిలోలు. దీనిని మన కొలతలలోనికి మార్చి చూతము. మైలుతుత్తములో రాగి సుమారు నాలుగవ వంతు. కావున ఎకరమునకు ఏడాదికి సుమారు ఆఱున్నర కిలోల మైలుతుత్తము సగటు హద్దగును. ఎకరమునకు 400 లీటర్ల ఒక శాతపు మిశ్రమమును చల్లినచో ఒక్కమారునకు 4 కిలోలు ఖర్చగును. రెండవమారు చల్లగనే ఆ ఏటి సగటు దాటిపోవును. ఐరోపాకు పండును గాని వైనును గాని పంపదలచిన రైతు ఈ లెక్కను గోడపై వ్రాసి యుంచుకొనవలెను.

కనుక మందు కంటె పద్ధతియే ప్రధానము. పందిరి క్రింద గాలియు వెలుతురును ఆడునట్లు అదనపు రెమ్మలను తీసివేయవలెను. ఆకులపై తడి నిలువకుండ బిందుసేద్యము చేయవలెను. కత్తిరించిన తెగులు రెమ్మలను తోటలో పడవేయరాదు. బూడిద తెగులుకు నీటిలో కలియు గంధకమును చల్లని వేళ చల్లవచ్చును. ఎండ తీవ్రముగా నున్నపుడు చల్లినచో ఆకు మాడును.

పిండినల్లికి ప్రకృతియే ఒక విరుగుడు నిచ్చినది. క్రిప్టోలీమస్ అను అక్షింతల పురుగు పిండినల్లిని వెదకి తినును. దీనిని పెంచి తోటలలో విడుచు పద్ధతి మన దేశమున చిరకాలముగా కలదు. అయితే పిండినల్లి విసర్జించు తియ్యని జిగురునకై చీమలు చేరి దానిని కాపాడును. కావున చీమలు తీగ నెక్కకుండ చూచిననే ఈ మిత్రపురుగు పని చేయగలదు.

నేలకు బలము నిచ్చుటకు పశువుల ఎరువు, వానపాముల ఎరువు, జనుము, జీలుగ వంటి పచ్చిరొట్ట పైరులు అక్కఱకు వచ్చును. జీవామృతము అనేకులు ఎఱిగినదే: ఎకరమునకు 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవుపేడ, 10 లీటర్ల ఆవుమూత్రము, 2 కిలోల బెల్లము, 2 కిలోల పప్పుపిండి, గట్టుమన్ను గుప్పెడు కలిపి, నీడలో రెండు దినము లుంచి వాడుదురు. ఆంధ్రప్రదేశములో 2016 నుండి ప్రభుత్వము చేపట్టిన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమము ఇట్టి పద్ధతులను గ్రామగ్రామమునకు చేర్చినది.

పొరుగు పొలము

ఇంతవరకు చెప్పినది రైతు చేతిలోని పని. ఇక చెప్పబోవునది ఊరి చేతిలోని పని.

రామయ్య ద్రాక్షతోటకు ప్రక్కన భీమయ్య ప్రత్తిచేను కలదనుకొందము. భీమయ్య గాలివాటున పురుగుమందు చల్లినచో, ఆ తుంపరలు రామయ్య తోటపై పడును. క్రిప్టోలీమసు పురుగులు చచ్చును. మందు జాడ పండుపై నిలుచును. పరీక్షలో ఆ జాడ బయటపడినచో, మూడేండ్ల శ్రమ ఒక్క ఉదయమున వ్యర్థమగును. భీమయ్య చెడ్డవాడు కాడు. అతడు తన పంటను కాపాడుకొనినాడు. వారిద్దఱి నడుమ ఒక ఏర్పాటు లేకపోవుటయే లోపము. అందువలననే నియమములు సేంద్రియ తోట చుట్టు రక్షణపట్టీ యొకటి విడువవలెనని చెప్పుచున్నవి. ఎత్తైన అవిసె గాని, గ్లిరిసీడియా గాని వరుసగా పెంచినచో తుంపరలను కొంతవఱకు ఆపును. కాని నిజమైన రక్షణ ఇరుగుపొరుగుల ఒప్పందమే.

మందుజాడ యెంతటి నష్టము తేగలదో 2010లో మన దేశపు ద్రాక్షరైతులకు అనుభవమైనది. కొమ్మ పెరుగుదలను అదుపుచేయుటకు వాడు క్లోర్‌మెక్వాట్ అను రసాయనపు జాడ ఐరోపాలో బయటపడగా, భారతదేశపు ద్రాక్ష అనేక ఓడసరకులుగా తిరస్కరింపబడినది. ఆ రసాయనము వేసవి కత్తిరింపు పిమ్మట వాడునది. కోతకు నెలల ముందు వాడినదైనను జాడ విడువలేదు. రైతులు, ఎగుమతిదారులు తీవ్రముగా నష్టపడిరి. అప్పటి నుండి ఎగుమతి ద్రాక్షలో పరీక్షింపవలసిన పదార్థముల విషయమున జాగ్రత్త మఱింత హెచ్చినది.

ఊరంతయు ఒక మాటపై నిలువగలదా యని కొందఱు సందేహింతురు. నిలిచిన ఊళ్ళు మన తెలుగునాటనే కలవు. నాటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామము ప్రత్తిపై పురుగుమందుల అప్పులతో కుంగిపోయి, వేపకషాయము మొదలగు పద్ధతుల నాశ్రయించి, 2004 నాటికి పురుగుమందులు లేని గ్రామముగా పేరు పొందినది. స్త్రీల సంఘములు ముందు నడచినవి, పంచాయతీ తీర్మానము తోడైనది. నేటి జనగామ జిల్లాలోని ఏనెబావి 2006లో ఎరువులు, పురుగుమందులు రెండును విడిచిన గ్రామముగా ప్రకటించుకొనినది. ఈ రెండు ఊళ్ళును ద్రాక్ష పండించినవి కావు. కాని ద్రాక్షతోటకు కావలసిన కట్టుబాటును అవి చేసి చూపినవి.

పంచాయతీ చేయదగిన పనులు

1. సేంద్రియ సాగునకు పూనుకొన్న రైతుల సర్వే నంబర్లను గ్రామసభలో చదివి వినిపింపవలెను. వాని సరిహద్దు పొలముల వారు మందు చల్లుటకు ముందు దినము తెలియజేయునట్లును, గాలి వీచు వేళ చల్లకుండునట్లును ఒప్పందము కుదుర్పవలెను.

2. ఖాళీ పురుగుమందు డబ్బాలు చెరువులలో, కాలువలలో పడకుండ ఒక చోట చేర్చు ఏర్పాటు చేయవలెను. అద్దెకు తెచ్చిన పంపును బాగుగా కడుగక సేంద్రియ తోటలో వాడరాదని ప్రచారము చేయవలెను.

3. 2019లో ప్రారంభమైన పల్లెప్రగతి క్రింద తెలంగాణ గ్రామములలో చెత్తను వేఱుచేయు షెడ్లు, నర్సరీలు నిర్మింపబడినవి. తడిచెత్తను మంచి ఎరువుగా మార్చి తోటలకు అందింపవచ్చును. అయితే ధ్రువీకరణ సంస్థ అనుమతించినదో లేదో రైతు ముందుగా విచారించుకొనవలెను. ప్లాస్టిక్ ముక్కలు, గాజుపెంకులు గల ఎరువు మేలు కంటె కీడే చేయును.

4. నర్సరీలో వేప, కానుగ, గ్లిరిసీడియా మొక్కలను విరివిగా పెంచి గట్లపై నాటింపవలెను. వేపగింజలను సేకరించు పనిని మహిళా సంఘములకు అప్పగింపవచ్చును. 5 కిలోల వేపగింజల పొడి 100 లీటర్ల కషాయమునకు చాలును.

5. ద్రాక్షకు బోరుబావియే ఆధారమగుచో నష్టమే. క్రొత్త బోరు వేయుటకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టపు నియమములను పాటింపజేయవలెను. చెరువు పూడిక తీసి ఆ మన్నును పొలములకు తోలించినచో, నీరును నేలయు రెండును బాగుపడును.

6. కనీసము ఐదుగురు రైతులు కలిసి ఒక బృందముగా ఏర్పడినచో, ఒకరి పొలమును ఒకరు తనిఖీ చేయు భాగస్వామ్య ధ్రువీకరణ పద్ధతిలో చేరవచ్చును. దేశీయ విపణికి ఇది చాలును. ఎగుమతికి ప్రత్యేక సంస్థ యొక్క ధ్రువపత్రము కావలెను. ఏ పద్ధతికైనను దినచర్య పుస్తకమే ప్రాణము. ఏ తేదీన ఏమి చల్లిరి, ఎంత చల్లిరి, ఎవరు చల్లిరి యను వివరములు వ్రాయని తోటకు సాక్ష్యము లేదు. వ్రాయుటకు ఇబ్బందిపడు రైతుకు గ్రామమందలి చదువుకొన్న యువకులు తోడ్పడవలెను.

మద్యము విషయమున మా మనవి

ఈ వ్యాసము మద్యపానమును ప్రోత్సహించుటకు వ్రాసినది కాదు. ఔషధములకు తప్ప మత్తుపానీయముల వాడుకను నిషేధించుటకు ప్రభుత్వము యత్నింపవలెనని మన రాజ్యాంగపు 47వ అధికరణము ఆదేశించుచున్నది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాకు వ్యతిరేకముగా లేచిన చరిత్రను తెలుగుజాతి మఱువదు. ఆ కదలిక ఫలితముగనే 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది, 1997లో అది సడలింపబడినది. ఆ సమస్య నేటికిని గ్రామములను పీడించుచునే యున్నది.

సేంద్రియమను మాట వైనులోని ఆల్కహాలును పవిత్రము చేయజాలదు. సేంద్రియ ద్రాక్షతో తీసినను, రసాయన ద్రాక్షతో తీసినను ఆల్కహాలు ఒకటే. అంతర్జాతీయ కాన్సరు పరిశోధనా సంస్థ 1988లోనే మద్యమును మనుష్యులకు కాన్సరు కలిగించు పదార్థముల జాబితాలో చేర్చినది. ఆరోగ్యమునకు హాని లేని మద్యపాన ప్రమాణము ఏదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించినది. ఎఱ్ఱ వైను గుండెకు బలమని చెప్పి అమ్మజూచువారి మాటలు నమ్మదగినవి కావు. లైసెన్సు లేక ఇంటిలో మద్యము తీయుట నేరమని కూడ తెలియజేయుచున్నాము.

ఇట్లయినచో ఈ పాఠము గ్రామమునకు ఎందుకు? ఎందుకనగా తోట వేఱు, సీసా వేఱు. ఎఱ్ఱ వైనుకు తగిన శుద్ధితో పండించిన ద్రాక్ష, తొక్కతో సహా మన పిల్లలు నిర్భయముగా తినదగిన ద్రాక్ష. దానిని పండుగా అమ్మవచ్చును, ఎండబెట్టి కిస్‌మిస్ చేయవచ్చును, పులియనీయక రసముగా సీసాలలో నింపవచ్చును. వైను కర్మాగారము ఒక్కటే కొనుగోలుదారు కాదు. ఒక్క కొనుగోలుదారునిపై ఆధారపడి తోట నాటుట మంచిది కాదు కూడ. నాటుటకు ముందే, పండు కొనువారు ఎవరో, ఏ వెలకు, ఏ నియమముపై కొందురో వ్రాతపూర్వకముగా తేల్చుకొనవలెనని రైతులకు సభ్యులు బోధింతురు గాక.

ద్రాక్షతీగ నాటిన మఱునాడు ఫలమీయదు. పందిరి వేయుటకు పెట్టుబడి, మూడేండ్ల పరివర్తనకు ఓర్పు, ఏటేటా నీటికి హామీ కావలెను. ఈ మూడును గలవారే పూనుకొనవలెను. లేనివారు తమ చేలలో నున్న కూరగాయలనో, పండ్లతోటలనో ఇదే పద్ధతిలో సాగుచేసి చూచుట క్షేమము. రాబోవు గ్రామసభకు ముందు ప్రతి సభ్యుడును తన వార్డులోని తోటలను ఒక్కమారు చుట్టి, ఎవరి పొలము ప్రక్క ఎవరు ఏమి చల్లుచున్నారో విచారించి రాసికొని వచ్చినచో, పైన చెప్పిన పనులలో మొదటిది అప్పుడే ఆరంభమైనట్లు ఎంచవచ్చును.